పంపకాల వేళ

మొన్న వేసవిలో ఒక శుభలేఖ ఇచ్చి రావటానికి నల్లజర్ల వెళ్ళాను. ఏలూరులో బస్సెక్కి గుండుగొలను దాటితే చాలు, దేశం మారిపోయినట్టు ఉంటుంది. కొల్లేటి వైపు చేపల చెరువులూ, వరిచేలూ వెనకబడిపోతాయి. దారి మెరక ఎక్కుతుంది, నేల ఎర్రబడుతుంది. అక్కడినుంచి పామాయిలు తోటలు, జీడిమామిడి, కాలాన్నిబట్టి పొగాకు. ఇదంతా మెట్ట. నీళ్ళు లోతున ఉండే ప్రాంతం.

నల్లజర్లలో మా మేనత్త ఉంది. ఆమె పెరట్లో పాతకాలపు నుయ్యి ఒకటి ఉంది. బోరు వేయించాక దాని అవసరం తీరిపోయింది గాని, దేవుడి దగ్గరకు మాత్రం ఆ నీళ్ళే కావాలంటుంది అత్తయ్య. తెల్లవారగానే గిలకమీద చేంతాడు వేసి తనే తోడుకుంటుంది. గిలక చప్పుడు వినబడితే చాలు, ఆమె మనమడు ఎక్కడున్నా వచ్చి నూతి చప్టామీద కూచుంటాడు. వాడికి మూడేళ్ళు. మాటలు ఇంకా సరిగా రాలేదు. నవ్వు మాత్రం వీధిలోకి వినిపిస్తుంది.

వాడు పుట్టిన వారానికే డాక్టర్లు ముఖకవళికలు చూసి, రక్తపరీక్ష చేయించి, ‘డౌన్ సిండ్రోమ్’ అని తేల్చారు. అలాంటి పిల్లలు నడకా, మాటా కాస్త ఆలస్యంగా నేర్చుకుంటారు. వాడికి అక్క ఒకతె ఉంది. పదేళ్ళది, చదువులో చురుకు. వీడు కడుపున పడేనాటికి తల్లికి 36 ఏళ్ళు.

నేను వెళ్ళిన రోజున కైకలూరునుంచి అత్తయ్య వియ్యపురాలు కూడా వచ్చి ఉంది. కాఫీలు తాగుతూ ఉండగా మాట పిల్లవాడిమీదికి మళ్ళింది.

“గ్రహణంనాడు గదిలోనుంచి కదలకే అంటే విన్నదా? వంకాయలు తరుగుతూ కూచుంది. ఆ ఫలితం పసివాడు అనుభవిస్తున్నాడు” అన్నది అత్తయ్య. కోడలు తల వంచుకుని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వియ్యపురాలు విసనకర్ర విసురుకోవటం ఆపేసింది.

“ఒరేయ్ అబ్బాయ్, నువ్వు పత్రికల్లో రాస్తావుగా. నువ్వు చెప్పు, నా మాట అబద్ధమా?”

“అబద్ధమే అత్తయ్యా. కాని ఉత్తినే అబద్ధమంటే నువ్వు నమ్మవు. మొదటినుంచీ చెబుతాను, విను” అన్నాను. “చెల్లెమ్మా, నువ్వూ ఇలా వచ్చి కూచో.”

ఆ పూట వాళ్ళకు చెప్పిందే ఇక్కడ పాఠకులకు కొంచెం వరస కుదిర్చి చెబుతున్నాను. ఇలాంటి మాట పడని ఇల్లాలు మన ఊళ్ళల్లో అరుదు. పిల్లవాడికి ఏ లోపమున్నా, కడుపు నిలవకపోయినా, మొదట వేలు చూపేది తల్లివైపే గదా!

మన ఒళ్ళంతా కణాలే. ఒక్క కణంతో మొదలైన మనం ఇంతవాళ్ళం కావాలంటే, ఆ కణం రెండై, రెండు నాలుగై చీలుతూ పోవాలి. పెద్దవాళ్ళమైన తరవాత కూడా ఈ పని ఆగదు. చర్మం అరిగిపోతుంది, నెత్తురు పాతబడుతుంది; ఎప్పటికప్పుడు కొత్త కణాలు రావాలి. అయితే కణం చీలటమంటే గుమ్మడికాయను రెండు చెక్కలు చేయటం కాదు. అది అన్నదమ్ముల పంపకం లాంటిది.

మా అత్తయ్య మామగారి ఆస్తి ఇద్దరు కొడుకులకు పంచిననాటి ముచ్చట ఆమె ఎన్నోసార్లు చెప్పింది. నాలుగైదు చోట్ల కమతాలు. గొలుసు పట్టి ప్రతి కమతమూ సగానికి సగం కొలిచారు. ఒకే ఒక్క చెక్క దగ్గర, గట్టు ఎవరిదో తేలలేదు. పెద్దమనుషులు అది తేలేదాకా మిగతావాటికి కూడా దస్తావేజు రాయనివ్వలేదు. రెండు నెలలు ఆగింది పంపకం. “ఆగితే ఆగింది గాని, ఇవాళ్టిదాకా తగువన్నది లేదు” అంటుంది అత్తయ్య.

కణంలో ఉన్న ఆస్తి క్రోమోజోములు. కన్ను రంగునుంచి నెత్తురు తయారీ దాకా, శరీరానికి కావలసిన ఆజ్ఞలన్నీ డి.ఎన్.ఏ. అనే పోగుమీద రాసి ఉంటాయి. అలాంటి పోగులు మనిషి కణంలో 46. తల్లి వాటా 23, తండ్రి వాటా 23. ఈ అంకె తేలటానికి కూడా చాలా కాలం పట్టింది. ముప్ఫై ఏళ్ళకు పైగా శాస్త్రజ్ఞులందరూ 48 అనే నమ్మారు. స్వీడనులోని లుండ్ ఊళ్ళో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరూ శ్రద్ధగా లెక్కపెట్టి 46 అని 1956లో ప్రకటించారు. మూడేళ్ళు తిరక్కుండానే, 1959లో, ఫ్రాన్సులో జెరోమ్ లెజ్యూన్, ఆయన సహచరులూ డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కణాల్లో 47 ఉన్నాయని కనిపెట్టారు. ఎక్కువైనది 21వ నంబరు క్రోమోజోము. రెండు ఉండవలసిన చోట మూడు. అంటే ఎక్కడో, ఎప్పుడో, ఒక పంపకంలో ఒక్క పోగు దారి తప్పిందన్న మాట.

మరి ఆ పంపకం ఎలా జరుగుతుంది?

కణం చీలే ముందు ప్రతి పోగుకూ అచ్చు నకలు తీస్తుంది. 46 పోగులు 92 అవుతాయి. ఒక్కొక్క అసలూ, దాని నకలూ జంటగా ఉంటాయి. ఆ జంటలో ఒకటి ఈ కణానికి, మరొకటి ఆ కణానికి పోవాలి. వినటానికి తేలికే. కాని చిక్కు ఏమిటంటే, నకలు తీయకముందే ఒక్క కణంలోని పోగులన్నీ కలిపి సాగదీస్తే సుమారు రెండు మీటర్ల పొడుగు. అవి ఇమిడి ఉన్న కేంద్రకం మిల్లీమీటరులో నూరోవంతు కూడా లేదు. చిందరవందరగా పడి ఉన్న నూలును విడదీసి పంచటం ఎలా? ముందు చుట్టలు చుట్టాలి.

చుట్టేవి ప్రోటీనులు. మనం పప్పులో, గుడ్డులో తినే మాంసకృత్తుల జాతివే. అయితే కణంలో ఈ ప్రోటీనులు ఒంటరిగా పనిచేయవు. నాలుగూ అయిదూ కలిసి జట్టు కడతాయి. ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క పని. పోగులను చుట్టే జట్టు పేరు కండెన్సిన్.

చుట్టమని దానికి చెప్పేదెవరు? ఈ ప్రశ్నకు దారి చూపిన ప్రయోగంలో మనకు బాగా తెలిసిన ఇంటిపేరు ఒకటి ఉంది. 1970లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న పోటు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ కలిసి ఒక చిత్రమైన పని చేశారు. చీలుతున్న కణాన్నీ, ఇంకా ఆ ఊసే లేని కణాన్నీ కలిపి ఒకటి చేశారు. అంతే! ఊసే లేని కణంలోని పోగులు కూడా వేళకాని వేళ చుట్టలు చుట్టుకోవటం మొదలుపెట్టాయి. అంటే చీలే కణంలో ఏదో ఒక పదార్థం ఉంది, అది ఆజ్ఞ ఇస్తున్నదని తేలింది. ఆ పదార్థం సైక్లిన్ అనే ప్రోటీనూ, దాని తోడు ఎంజైమూ కలిసిన జట్టు అని తరవాత తెలిసింది. కణచక్రాన్ని నడిపే ఈ యంత్రాంగాన్ని విడమరిచినందుకు 2001లో హార్ట్‌వెల్, హంట్, నర్స్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది. కండెన్సిన్‌కు ఆజ్ఞ అందేది కూడా ఈ జట్టునుంచే.

ఆ ఆజ్ఞ అందుకున్న కండెన్సిన్ ఎలా చుడుతుందో కంటితో చూసినది 2018లో. హాలండులోని డెల్ఫ్ట్ నగరంలో, పోగుకు రెండు కొసలూ గాజుపలకకు అంటించి, రంగు వెలుగులో కదలిక కనిపెట్టారు. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు మహీపాల్ గంజి. ఈ ఇంటిపేరు కూడా మన చెవులకు కొత్తది కాదు. ఆయన తరవాత బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు వచ్చారు.

వాళ్ళు చూసినదేమిటో చెప్పటానికి మా అత్తయ్య నుయ్యే సరిపోయింది. నీళ్ళు తోడే మనిషి నిలుచున్న చోటునుంచి కదలదు. చేతులు మాత్రం చేంతాడును లాగుతూ ఉంటాయి. లాగినకొద్దీ కాళ్ళ దగ్గర తాడు చుట్టగా పడుతుంది. కండెన్సిన్ కూడా అంతే. పోగుమీద ఒక చోట పట్టు బిగించి, మరో వైపునుంచి పోగును తనవైపు లాక్కుంటుంది. మధ్యలో ఉచ్చులాగా పోగు పెరుగుతూ పోతుంది. డి.ఎన్.ఏ.ను మెలితిరిగిన నిచ్చెన అనుకుంటే, సెకనుకు 1500 మెట్ల దాకా లాగేస్తుంది. అలాంటి ఉచ్చులమీద ఉచ్చులు పడి, రెండు మీటర్ల నూలు పొట్టి పొట్టి కట్టలవుతుంది. సూక్ష్మదర్శినిలో మనకు కనిపించే క్రోమోజోములు ఇవే.

కట్టలు కట్టాక విడదీయటమే తరవాయి అనుకుంటాం. కాని కణం విడదీయటంకన్నా ముందు కలిపి పట్టుకోవటం గురించి ఆలోచిస్తుంది. కథలో అసలు కీలకం ఇక్కడే ఉంది.

నకలు తీసేటప్పుడే అసలునూ నకలునూ కలిపి ఉంగరాలు తొడుగుతుంది కణం. ఈ ఉంగరం కూడా ప్రోటీనుల జట్టే. పేరు కొహెసిన్. 1997లో కిమ్ నాస్మిత్, డగ్లస్ కాష్లాండ్ బృందాలు దీన్ని బయటపెట్టాయి. ఈ ఉంగరాలు లేకపోతే జంట పోగులు ఎప్పుడో చెదిరిపోయేవి. ఇక ఏది దేనికి జతో కణానికి తెలిసే దారి లేదు.

చీలే వేళకు కణానికి రెండు కొసలనుంచీ సన్నని పోగులు బయలుదేరుతాయి. పాఠ్యపుస్తకాల్లో వీటిని కండె తంతువులంటారు. ప్రతి క్రోమోజోముకూ నడుము దగ్గర ఒక కొక్కెం ఉంటుంది. తూర్పు తంతువు అసలు కొక్కేనికీ, పడమటి తంతువు నకలు కొక్కేనికీ తగులుకోవాలి. రెండూ ఒకే వైపు తగులుకుంటే పంపకం చెడుతుంది.

సరిగా తగులుకున్నదీ లేనిదీ కణానికి తెలిసేదెలా? బిగువునుబట్టి. తాడు లాగే పందెంలో రెండు పక్షాలూ లాగితేనే తాడు బిగుస్తుంది. ఒకే పక్షం లాగితే వదులే. ఇక్కడ జంటను విడిపోనివ్వకుండా ఉంగరం పట్టుకుని ఉంటేనే గదా బిగువు పుట్టేది! 1969లో అమెరికాలో బ్రూస్ నిక్లాస్ మిడత కణాల్లోకి సన్నని సూది దించి, తప్పుగా తగులుకున్న క్రోమోజోమును తానే లాగి పట్టి చూశాడు. లాగి పట్టినంతసేపు ఆ తప్పు పట్టే నిలిచింది. మామూలుగా అయితే బిగువులేని పట్టు తనంతట తనే ఊడి, మళ్ళీ సరైన వైపు వెతుక్కుంటుంది. అంటే కణం నమ్మేది బిగువునే.

ఒక్క కొక్కెం ఖాళీగా ఉన్నా అది ‘ఆగండి, ఆగండి’ అని రసాయనిక సంకేతం పంపుతూనే ఉంటుంది. నలభైఅయిదు జంటలు సిద్ధమై, ఒక్క జంట కాకపోయినా అందరూ నిలవవలసిందే. 1995లో కాన్లీ రీడర్ బృందం చివరికి మిగిలిన ఆ ఒక్క ఖాళీ కొక్కేన్ని లేసరు కిరణంతో కాల్చేసింది. కేక ఆగిపోయింది, కణం చీలిపోయింది. మా అత్తయ్యగారి పంపకంలో గట్టు తగువు తేలని ఆ ఒక్క చెక్కలాంటిదే ఈ కొక్కెం.

అన్ని జంటలూ బిగువెక్కాక కేక సద్దుమణుగుతుంది. అప్పుడు మరో జట్టు లేస్తుంది. కణంలో సెపరేజ్ అనే కత్తెర ఒకటి మొదటినుంచీ ఉంది. కాని దాన్ని సెక్యూరిన్ అనే ప్రోటీను కట్టి ఉంచుతుంది. లేచిన జట్టు ఆ కట్టును నాశనానికి పంపుతుంది. కత్తెర విడుదలై ఉంగరాలను కత్తిరిస్తుంది. విప్పటం కాదు సుమా, కత్తిరించటమే. మళ్ళీ కలపటానికి వీలులేదు. ఒక్క క్షణంలో జంటలన్నీ విడిపోయి రెండు కొసలకూ తరలిపోతాయి. మన ఒంట్లో ఈ చీలిక తతంగం సుమారు గంటలో ముగుస్తుంది. ఆ గంటలో చాలా భాగం పంచటానికి కాదు, అందరూ సిద్ధమయేదాకా ఆగటానికే పోతుంది.

ఈ ఆగే గుణమే వైద్యానికి ఒక ఆయుధమయింది. మన పెరళ్ళలో ఎవరూ నాటకుండానే పూసే బిళ్ళగన్నేరు ఉన్నది గదా, దాని ఆకులోనుంచి 1958లో కెనడాలో నోబుల్, బీర్ అనేవాళ్ళు ఒక మందు తీశారు. తరవాత దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ వచ్చింది. ఇవి కండె తంతువులను కట్టుకోనివ్వవు. తంతువులు లేక కొక్కేలన్నీ ఖాళీగా కేకలు వేస్తాయి. అదుపులేకుండా చీలే కేన్సరు కణం అక్కడే ఆగి, ఆగి, చచ్చిపోతుంది. పిల్లలకు వచ్చే రక్త కేన్సరులో ఈ మందుతోపాటు వాడే మరొకటి మెథోట్రెక్సేట్. అది అంతకు ముందు మెట్టులో, నకలు తీసే పనినే అడ్డుకుంటుంది. దానికి మూలమైన పరిశోధన చేసింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారూ, అమెరికాలో ఆయన బృందమూ. (బిళ్ళగన్నేరు ఆకు నమలటం మాత్రం ప్రమాదం. విషం. ఆసుపత్రిలో కొలిచి ఇచ్చేదే మందు.)

ఇంతవరకూ విని అత్తయ్య, “ఇంత కట్టుదిట్టంగా ఉంటే మరి మనవాడి విషయంలో ఎందుకు తప్పింది?” అన్నది. సరైన ప్రశ్నే.

మామూలు కణాల చీలిక వేరు, అండం తయారయే చీలిక వేరు. అండంలోకి 46 పోకూడదు. 23 మాత్రమే పోవాలి. మిగతా 23 తండ్రి బీజం తెస్తుంది. అందుకని అండంలో మొదట తల్లిగారి తండ్రివైపు క్రోమోజోమూ, తల్లివైపు క్రోమోజోమూ ఎదురెదురుగా జతకట్టి, ముక్కలు ఇచ్చిపుచ్చుకుని, కొహెసిన్ ఉంగరాల పట్టుతో కలిసి ఉంటాయి. తరవాత విడిపోతాయి. ఉంగరాలలో కొన్ని నడుము దగ్గర రెండో చీలిక దాకా నిలవాలి కాబట్టి, వాటిని కత్తెర తాకకుండా కాపాడే ప్రోటీను వేరే ఉంది. దాన్ని 2004లో జపాను శాస్త్రజ్ఞులు కనిపెట్టి ‘షుగోషిన్’ అని పేరు పెట్టారు. ఆ భాషలో రక్షక దేవత అని అర్థం. మన ఊరి పొలిమేర అమ్మవారి వంటిది.

ఇదంతా ఎప్పుడు మొదలవుతుందో తెలుసునా? ఆడపిల్ల పుట్టిన తరవాత కాదు. ఆమె తన తల్లి కడుపులో ఉండగానే. అయిదో నెల గర్భంలో ఉన్న ఆడశిశువు అండాశయాల్లో అరవై డెబ్భై లక్షల అండకణాలుంటాయి. పుట్టేనాటికి పది ఇరవై లక్షలు మిగులుతాయి. జతలు కట్టి, ఉంగరాలు బిగించుకుని, అవి అక్కడే ఆగిపోతాయి. నిద్రలోకి పోయినట్టు. నెలకొకటి చొప్పున మేలుకునేది పిల్ల వ్యక్తురాలయిన తరవాతనే. ఒక్కొక్క అండం పదిహేనేళ్ళు ఆగవచ్చు, నలభై ఏళ్ళు ఆగవచ్చు.

అన్నాళ్ళూ ఆ జతలను పట్టుకుని ఉండవలసింది ఆ మొదటి ఉంగరాలే. ఎలుకలమీద చేసిన పరిశోధనల్లో, పుట్టకముందు తొడిగిన ఉంగరాల స్థానంలో కొత్తవి వచ్చిన జాడ కనిపించలేదు. వయసు మళ్ళిన ఎలుకల అండాల్లో ఉంగరాలు తగ్గిపోయి ఉండటం 2010లో చూశారు. ఉంగరాలు ఊడితే జత ముందే వదులవుతుంది. వదులైన జత ఏ కొసకు పోతుందో చెప్పలేం. పైగా అండంలో ‘ఆగండి’ అనే కావలి మామూలు కణాల్లోలాగా కఠినంగా ఉండదు. 21వ జత రెండూ ఒకే వైపు పోతే, అండంలో ఒకటి ఉండవలసిన చోట రెండుంటాయి. తండ్రి బీజం మూడోది తెస్తుంది.

అందుకే తల్లి వయసుతో ఈ సంభవం పెరుగుతుంది. పాతికేళ్ళ తల్లికి సుమారు 1250 కాన్పుల్లో ఒకటి. 35 ఏళ్ళకు 350లో ఒకటి. 40కి నూటికి ఒకటి. అంటే 36 ఏళ్ళ తల్లులలో కూడా నూటికి తొంభైతొమ్మిది మందికి పైగా ఇలా జరగదు. పాతికేళ్ళవాళ్ళలో జరగకుండానూ పోదు. డౌన్ సిండ్రోమ్‌లో నూటికి తొంభై వంతులదాకా ఇలా అండంలోనే జరుగుతుంది; కొద్ది భాగం తండ్రి బీజంలోనూ జరుగుతుంది. మేనరికాలతో వచ్చే జబ్బుల సంగతి వేరు, ఇది వేరు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి కారణం కూడా ఇలాంటి లెక్క తప్పటమే. మెట్లు ఎక్కినందుకు పోయింది, బొప్పాయి తిన్నందుకు పోయిందని నిందలు పడ్డ తల్లులు ఎందరో!

“ఇప్పుడు నీ గ్రహణం సంగతి చూద్దాం అత్తయ్యా” అన్నాను. “కోడలికి నెల తప్పిందని మీకు తెలిసేనాటికే పిల్లవాడి కణాల్లో 21వ పోగులు మూడై ఉన్నాయి. గ్రహణం ఆ తరవాత నెలలకు వచ్చింది. దస్తావేజు రిజిష్టరయిన తరవాత ఆకాశంలో ఏది కనిపిస్తే ఏం, సరిహద్దు మారుతుందా?”

అత్తయ్య ఏమీ అనలేదు. కాని వియ్యపురాలు నెమ్మదిగా అడిగింది:

“అయితే బాబూ, ఆ ఉంగరాలు పడింది మా అమ్మాయి నా కడుపులో ఉన్నప్పుడేనన్న మాట. మరి తప్పు నాదేనంటావా?”

ఇలాంటి ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఒక నింద పోగొట్టబోయి మరొకరి నెత్తిన పెడుతున్నానా అనిపించింది. కోడలు చప్పున తల ఎత్తి తల్లివైపు చూసింది.

“పిన్నిగారూ, ఆ ఉంగరాలు తొడిగింది మీరు కాదు. మీ తిండీ, మీ నడతా చూసి అవి పడలేదు. వాటంతట అవే పడ్డాయి. ఆ రోజున పడ్డ లక్షల అండాల్లోనుంచే చదువుల్లో చురుకైన మీ మనమరాలూ వచ్చింది” అన్నాను. తరవాత అత్తయ్యవైపు తిరిగి, “ఈ చేంతాడు ఎన్నాళ్ళకొకసారి మారుస్తావు?” అని అడిగాను.

“పీచుతాడైతే ఏడాదికోటి. ఈ నైలాను తాడు వచ్చాక రెండేళ్ళు ఆగుతున్నది.”

“ఒకసారి కట్టిన తాడు, మార్చకుండా, 36 ఏళ్ళు పట్టుకుని ఉంది. అది వదులైతే కట్టినవాళ్ళనంటామా, మోసినవాళ్ళనంటామా?”

వియ్యపురాలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అత్తయ్య చాలాసేపు నూతివైపు చూస్తూ కూచుంది. చివరికి, “ఇక గ్రహణం ఊసు ఎత్తనులే” అన్నది, కోడలితో కాదు, వియ్యపురాలితో.

ఇలాంటి పిల్లలున్న తలిదండ్రులు చేయించవలసినవి కొన్ని ఉన్నాయి. వీరిలో సుమారు సగం మందికి పుట్టుకతో గుండెలో లోపం ఉండవచ్చు కాబట్టి గుండె పరీక్ష తప్పదు. చాలావాటిని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. థైరాయిడ్, వినికిడి, చూపు అప్పుడప్పుడు పరీక్షించాలి. మాటలకూ, నడకకూ ఎంత చిన్నప్పుడు శిక్షణ మొదలుపెడితే అంత మేలు. క్రోమోజోముల పరీక్ష చేయించటం కూడా అవసరమే. నూటికి ముగ్గురు నలుగురిలో అదనపు 21వ పోగు మరో క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. ఆ రకం ఒక్కొక్కప్పుడు తలిదండ్రులనుంచి రావచ్చు కాబట్టి, మరో బిడ్డను కోరుకునేవారు వైద్యుల సలహా తీసుకోవాలి. సరైన వైద్యం దొరికే దేశాల్లో వీరు అరవై ఏళ్ళ దాకా బతుకుతున్నారు. బడికి పోతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఏటా మార్చి 21న వీరికోసం ప్రపంచమంతటా ఒక దినం జరుపుతున్నారు. మూడో నెల, ఇరవైఒకటో తేదీ. మూడు ఇరవైఒకటో పోగులకు గుర్తు.

నేను బస్సుకు బయలుదేరుతూ ఉండగా అత్తయ్య వీధి గుమ్మం దాకా వచ్చింది.

“ఒరేయ్, వీడికి గుండె పరీక్ష పుట్టినప్పుడు చేయించాం. చెవుల పరీక్ష అన్నావే, అది చేయించలేదు. ఏలూరులో చేస్తారా?”

చేస్తారన్నాను. “అయితే సోమవారం నేనూ, కోడలూ తీసుకొస్తాం. నువ్వు ఉంటావుగా” అన్నది.

ఉంటానన్నాను. పిల్లవాడు అప్పటికే నూతి దగ్గరకు పోయి, గిలక ఎప్పుడు తిరుగుతుందా అని తల ఎత్తి చూస్తున్నాడు.